స్థిర స్వేచ్ఛా రాడికల్స్‌కి ఈఎస్ఆర్ తీయడం: ట్యూబు నింపడం దగ్గర నుంచి స్పిన్‌లు లెక్కపెట్టడం దాకా

"టెంపో కొన్నాం, మెషీన్ ఉంది, మూడు గీతలు వస్తున్నాయి, కానీ అవి సరైనవో కాదో ఎలా తెలుస్తుంది?" ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది. టెంపో అంటే ఒక స్థిర రాడికల్, అంటే జతలేని ఎలక్ట్రాన్ ఉన్నా పాడవకుండా నిలిచే అణువు. ఈఎస్ఆర్ (ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్) అంటే అలాంటి అణువుల్ని అయస్కాంత క్షేత్రంలో పెట్టి, ఏ క్షేత్రం దగ్గర మైక్రోవేవ్‌ని పీల్చుకుంటాయో చూడటం. మెషీన్‌తో వచ్చే పుస్తకంలో బటన్ల గురించి ఉంటుంది, పాఠ్యపుస్తకంలో సమీకరణాలు ఉంటాయి, ఈ రెంటికీ మధ్యలో చేతితో చేయాల్సిన పని మాత్రం ఎవరూ రాయరు. అందుకే ఇది పూర్తిగా ఆ మధ్యలో ఉన్న పని గురించే.

అన్ని అంకెలూ ఎక్స్-బ్యాండ్ మెషీన్‌కి, అంటే దాదాపు 9.5 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే మామూలు స్పెక్ట్రోమీటర్‌కి. ఈపీఆర్ అన్నా ఈఎస్ఆర్ అన్నా ఒకటే.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, కింద రాసిందంతా దీని చుట్టూనే తిరుగుతుంది: మీరు ఏదైనా బటన్ తిప్పినప్పుడు గీత వెడల్పు మారిందంటే, ఆ వెడల్పు మీ రాడికల్‌ది కాదు, మీ బటన్‌ది.

1. మొదట ఏ రాడికల్‌తో మొదలుపెట్టాలి

మీ పరిశోధనకి కావలసిన అణువు ఏదైనా కానివ్వండి, మొదటి రెండు రోజులూ తెలిసిన రాడికల్‌తోనే చేయండి. నా సలహా టెంపాల్, ఇది టెంపోకి దగ్గరి చుట్టమే; రెండూ నైట్రాక్సైడ్‌లు, అంటే జతలేని ఎలక్ట్రాన్ నైట్రోజన్-ఆక్సిజన్ బంధం మీద ఉండే రాడికల్స్. టెంపో కూడా మంచిదే, కానీ అది గది ఉష్ణోగ్రత దగ్గరే మెల్లగా ఆవిరైపోతుంది, వాయువు బుడగలు పంపితే ద్రావణంలోంచి కొట్టుకుపోయే ప్రమాదం కూడా ఉంది. టెంపాల్‌కి ఆ బెడద చాలా తక్కువ, నీళ్లలోనూ చక్కగా కరుగుతుంది.

డీపీపీహెచ్ అనే ఇంకో స్థిర రాడికల్ పొడి కూడా కొంచెం దగ్గర పెట్టుకోండి. దాన్ని అయస్కాంత క్షేత్రం సరిచూడటానికి వాడతాం. కానీ డీపీపీహెచ్‌ని తూకం వేసి "ఇన్ని స్పిన్‌లు" అని లెక్క కట్టకండి, ఎందుకంటే అది స్ఫటికంగా మారేటప్పుడు ద్రావణి అణువుల్ని కూడా లోపల పట్టుకుంటుంది. బరువులో ఎంత రాడికలో, ఎంత ద్రావణో పైకి తెలియదు.

ఫ్రెమీ లవణం కూడా నైట్రాక్సైడే, దాని గీతలు చాలా సన్నగా, అందంగా వస్తాయి, గీతల మధ్య దూరం 13 గాస్‌కి (గాస్ అంటే అయస్కాంత క్షేత్రం కొలత) కాస్త పైన. అయితే ఆమ్ల ద్రావణంలో త్వరగా పాడవుతుంది కాబట్టి కార్బొనేట్ కలిపిన క్షార ద్రావణంలో అప్పటికప్పుడు చేసుకోవాలి. కొత్తవాళ్లు దీని జోలికి తర్వాత వెళ్లడం మంచిది.

2. గాఢత: ఎక్కువమంది తప్పటడుగు ఇక్కడే

సిగ్నల్ బాగా రావాలని రాడికల్ ఎక్కువ వేస్తారు. అదే దెబ్బ కొడుతుంది. ద్రావణంలో రాడికల్స్ ఒకదాన్నొకటి ఢీకొన్నప్పుడు వాటి స్పిన్‌లు తారుమారవుతాయి, దాంతో గీతలు వెడల్పవుతాయి. దాదాపు 1 మిల్లీమోలార్ దాటాక ఈ వెడల్పు కంటికి కనిపించడం మొదలవుతుంది, పదుల మిల్లీమోలార్‌లోకి వెళ్తే మూడు గీతలూ ఒకదాంట్లోకి ఒకటి జరుగుతాయి, ఇంకా పెంచితే ఒకే ఒక్క గీత మిగులుతుంది. ఆ ఒక్క గీతని చూసి కొత్త రాడికల్ దొరికిందనుకునేవాళ్లున్నారు.

సురక్షితమైన చోటు 0.1 మిల్లీమోలార్. చేసే పద్ధతి:

- టెంపాల్ అణుభారం 172.24. కాబట్టి 17.2 మిల్లీగ్రాములు తూచి 10 మిల్లీలీటర్లకి కలపండి. ఇది 10 మిల్లీమోలార్ మూల ద్రావణం.
- దాంట్లోంచి 100 మైక్రోలీటర్లు తీసి మళ్లీ 10 మిల్లీలీటర్లకి పలచన చేయండి. ఇది 0.1 మిల్లీమోలార్.
- ఇంకో ఫ్లాస్కులో 0.05 మిల్లీమోలార్ కూడా చేసిపెట్టండి.

ఆ రెండోది ఎందుకంటే, గీత వెడల్పు గాఢత మీద ఆధారపడుతోందా లేదా అని చూడటానికి. సగానికి పలచన చేసినా వెడల్పు మారకపోతే మీరు సరైన చోట ఉన్నారు. మారితే ఇంకా పలచన చేయండి. తెలియని శాంపిల్‌కి కూడా ఇదే పరీక్ష, అక్కడ ఇంకా ముఖ్యం.

3. ట్యూబూ, ద్రావణీ: రెండూ కలిపి నిర్ణయించుకోండి

ద్రావణిని బట్టి ట్యూబు మారుతుంది. టోలుయీన్, హెక్సేన్ లాంటివైతే 4 మిల్లీమీటర్ల క్వార్ట్జ్ ట్యూబు సరిపోతుంది. నీళ్లయితే ఆ ట్యూబు అస్సలు పనికిరాదు, ఎందుకంటే నీరు మైక్రోవేవ్‌ని తినేస్తుంది, క్యావిటీ (ట్యూబు పెట్టే, మైక్రోవేవ్ నిలిచే లోహపు పెట్టె) ట్యూనే అవదు. నీటి శాంపిల్‌కి లోపలి వ్యాసం 1 మిల్లీమీటరు లోపు ఉండే సన్నటి కేశనాళిక గానీ, బల్లపరుపు సెల్ గానీ వాడాలి. క్యావిటీలో విద్యుత్ క్షేత్రం తక్కువగా, అయస్కాంత క్షేత్రం ఎక్కువగా ఉండే సన్నటి చోటులోనే నీరు ఉండేట్టు చూడటం దీని ఉద్దేశం. ఆల్కహాల్, అసిటోనైట్రైల్ లాంటివి మధ్యరకం, వాటిక్కూడా కేశనాళికే మేలు.

మామూలు గాజు ట్యూబు వాడితే ఏమవుతుందని అడుగుతారు. గాజులో ఇనుము మలినంగా ఉంటుంది, అది జీ విలువ (గీత ఏ క్షేత్రంలో వస్తుందో చెప్పే అంకె, 9వ అంశంలో వస్తుంది) 4.3 దగ్గర సిగ్నల్ ఇస్తుంది. సన్నటి స్వీప్‌లో, అంటే క్షేత్రాన్ని కొద్ది మేరే మార్చి తీసినప్పుడు, అది కనపడకపోవచ్చు గానీ, బలహీనమైన శాంపిల్స్‌కి బేస్‌లైన్‌ని పాడుచేస్తుంది. క్వార్ట్జ్ కొనడమే మంచిది.

ట్యూబు నింపేటప్పుడు చూసుకోవాల్సినవి:

- ముందు ఖాళీ ట్యూబుకే ఒక స్కాన్ తీయండి. పాత శాంపిల్ ఆనవాళ్లు అక్కడే బయటపడతాయి.
- ద్రావణం ఎత్తు కనీసం 4 సెంటీమీటర్లు ఉండాలి, క్యావిటీలో పనిచేసే భాగానికి పైనా కిందా కూడా ద్రావణం ఉండేట్టు.
- ట్యూబు బయట ఆల్కహాల్‌తో తుడవండి, తర్వాత కింది సగాన్ని వేళ్లతో ముట్టుకోకండి.
- స్కెచ్ పెన్ గుర్తులు, టేపు, జిగురు క్యావిటీలోకి వెళ్లే భాగంలో వద్దు. కొన్ని రంగుల్లో రాడికల్సో, లోహాలో ఉంటాయి.
- కేశనాళిక అడుగున మూసే మైనం క్యావిటీ మధ్య భాగానికి కింద ఉండాలి.

4. ఆక్సిజన్‌ని బయటికి పంపడం

గాలిలో ఉండే ఆక్సిజన్ అణువుకి కూడా జతలేని ఎలక్ట్రాన్లు రెండున్నాయి. అది ద్రావణంలో కరిగి మీ రాడికల్‌ని ఢీకొంటూ గీతని వెడల్పు చేస్తుంది. సేంద్రియ ద్రావణుల్లో ఆక్సిజన్ నీళ్లలో కంటే చాలా ఎక్కువగా కరుగుతుంది కాబట్టి టోలుయీన్‌లో దీని ప్రభావం బాగా కనిపిస్తుంది, నీళ్లలో కొంచెమే.

నాకు ఇది బాగా నేర్పిన సంఘటన ఒకటుంది. ఒకే ద్రావణాన్ని నైట్రోజన్ పంపకముందూ, పంపాకా తీశాను, రెండోసారి గీత ఎత్తు రెట్టింపైంది. రాడికల్ పెరిగిందని నోట్‌బుక్‌లో రాసి, ఎందుకు పెరిగిందో వివరించడానికి రెండు రోజులు తల పట్టుకు కూర్చున్నాను. తర్వాత వెడల్పు కొలిస్తే 1.7 గాస్ నుంచి 1.2 గాస్‌కి తగ్గింది, అంతే. స్క్రీన్ మీద కనిపించే డెరివేటివ్ గీత (ఎందుకలా వస్తుందో 8వ అంశంలో ఉంది) కింద ఉండే స్పిన్‌ల సంఖ్య ఎత్తుని వెడల్పు వర్గంతో గుణిస్తే వచ్చేదానికి అనుపాతంలో ఉంటుంది. 1.7ని 1.2తో భాగించి వర్గం చేస్తే దాదాపు 2 వస్తుంది. స్పిన్‌లు ఒక్కటి కూడా పెరగలేదు. అప్పటి నుంచి ఎత్తులు పోల్చి మాట్లాడేవాళ్లని చూస్తే నాకు నిజంగా కంగారు పుడుతుంది.

తీసే పద్ధతులు మూడు.

అ) బుడగలు పంపడం. నైట్రోజన్ గానీ ఆర్గాన్ గానీ సన్నటి గొట్టంతో 15 నుంచి 20 నిమిషాలు. వాయువుని ముందు అదే ద్రావణి ఉన్న సీసాలోంచి పంపి ఆ ఆవిరితో నింపుకోండి, లేకపోతే మీ ద్రావణి ఆవిరై గాఢత పెరిగిపోతుంది.

ఆ) గడ్డకట్టించి, వాక్యూమ్ లాగి, కరిగించడం. ట్యూబుని ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించండి, వాక్యూమ్ తెరిచి కొన్ని నిమిషాలు లాగండి, కవాటం మూసి కరగనివ్వండి, బుడగలు వస్తాయి. మళ్లీ అదే. మూడు నాలుగు సార్లకి బుడగలు ఆగుతాయి. అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి ఇదే. నీటి ద్రావణాలకి మాత్రం వద్దు, నీరు గడ్డకట్టి వ్యాకోచించి ట్యూబుని పగలగొడుతుంది.

ఇ) పలుచటి టెఫ్లాన్ గొట్టంలో ద్రావణం నింపి, క్యావిటీలోనే చుట్టూ నైట్రోజన్ పంపడం. ఆక్సిజన్ గొట్టం గోడలోంచి బయటికి పోతుంది. నీటి శాంపిల్స్‌కి ఇది నాకు బాగా ఇష్టం.

జాగ్రత్త: గాలికి తెరిచి ఉన్న ట్యూబుని ద్రవ నైట్రోజన్‌లో ఎక్కువసేపు ఉంచకండి, లోపల ద్రవ ఆక్సిజన్ చేరుతుంది. అలాగే ఆర్గాన్ 87 కెల్విన్ దగ్గరే ద్రవమవుతుంది, ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్. అంటే ఆర్గాన్ నింపిన ట్యూబుని ద్రవ నైట్రోజన్‌లో ముంచి సీల్ చేస్తే, లోపల ద్రవంగానో, గడ్డకట్టో చేరిన ఆర్గాన్ తర్వాత వేడెక్కి ట్యూబుని పేల్చేస్తుంది. కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయకండి. గదిలో గాలి ఆడేట్టు కూడా చూసుకోండి.

5. మెషీన్ ఆన్ చేయడం, ట్యూన్ చేయడం

వరుస ముఖ్యం. ముందు చల్లబరిచే నీళ్లు, తర్వాత అయస్కాంతం పవర్, తర్వాత బ్రిడ్జి (మైక్రోవేవ్‌ని పంపి, తిరిగొచ్చేదాన్ని కొలిచే పెట్టె). ఆన్ చేసి అరగంట వదిలేయండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లని గదిలోకి రానివ్వకండి.

ట్యూబు పెట్టాక ట్యూన్ స్క్రీన్‌లో గుండ్రటి కొండలాంటి ఆకారం, దాని మధ్యలో లోతుగా కిందికి దిగిన గీత కనిపించాలి, దీన్ని అందరూ డిప్ అంటారు. చేయాల్సింది:

- పౌనఃపున్యం మార్చి డిప్‌ని మధ్యకి తీసుకురండి.
- ఐరిస్ (క్యావిటీలోకి మైక్రోవేవ్ వెళ్లే రంధ్రం) స్క్రూ తిప్పి డిప్ అడుగుని వీలైనంత కిందికి దింపండి.
- ఆపరేట్ మోడ్‌కి మారి, తక్కువ పవర్‌తో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. పవర్ మారుస్తున్నా డయోడ్ (మైక్రోవేవ్‌ని కొలిచే భాగం) కరెంట్ ఉన్నచోటే ఉండాలి. కదులుతోందంటే ఐరిస్ ఇంకా సరిగ్గా లేదు.

డిప్ లోతు లేకుండా పరుచుకుపోయిందంటే శాంపిల్ మైక్రోవేవ్‌ని తింటోందని అర్థం. బల్లపరుపు సెల్ అయితే కొద్దికొద్దిగా తిప్పి చూడండి, రెండు మూడు డిగ్రీల తేడాతోనే డిప్ తిరిగి వస్తుంది. కేశనాళిక అయితే ఇంకా సన్నటిది తీసుకోండి. డిప్ అసలు కనపడకపోతే శాంపిల్ తీసేసి ఖాళీ క్యావిటీని ట్యూన్ చేసి చూడండి, అప్పుడు తప్పు మెషీన్‌దో శాంపిల్‌దో తేలిపోతుంది.

6. మొదటి స్కాన్‌కి సెట్టింగులు

నైట్రాక్సైడ్ ద్రావణానికి నేను ఎప్పుడూ ఇక్కడి నుంచే మొదలుపెడతాను:

- మధ్య క్షేత్రం: 9.45 గిగాహెర్ట్జ్ దగ్గర 3366 గాస్. మీ పౌనఃపున్యం వేరైతే అదే నిష్పత్తిలో మార్చుకోండి.
- స్వీప్ వెడల్పు: 100 గాస్.
- పవర్: 2 మిల్లీవాట్. గరిష్ఠం 200 మిల్లీవాట్ల మెషీన్‌లో ఇది 20 డెసిబెల్స్ అటెన్యుయేషన్ (పవర్ తగ్గింపు).
- మాడ్యులేషన్ (క్షేత్రాన్ని కొద్దిగా అటూఇటూ ఊపడం) పౌనఃపున్యం: 100 కిలోహెర్ట్జ్. పరిమాణం: 0.3 గాస్.
- స్వీప్ సమయం: 60 సెకన్లు.
- టైమ్ కాన్‌స్టెంట్ (నాయిస్‌ని నున్నగా చేసే ఫిల్టర్ సమయం): 40 మిల్లీసెకన్లు.
- పాయింట్లు: 1024.

ఆఖరి మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. 60 సెకన్లలో 100 గాస్ అంటే సెకనుకి 1.7 గాస్‌కి కాస్త తక్కువ. 1.6 గాస్ వెడల్పున్న గీతని దాటడానికి దాదాపు ఒక సెకను పడుతుంది. టైమ్ కాన్‌స్టెంట్ అందులో పదో వంతు మించకూడదు. మించితే గీత ఒక పక్కకి లాగినట్టు వస్తుంది, స్థానం కూడా జరుగుతుంది. 1024 పాయింట్లంటే పాయింటుకి దాదాపు 0.1 గాస్, ఒక గీత మీద 16 పాయింట్లు. పది కంటే తగ్గనివ్వకండి.

గెయిన్ (సిగ్నల్‌ని పెద్దది చేసే బటన్) విషయానికొస్తే, గీత కొన నున్నగా కోసేసినట్టు కనిపిస్తే గెయిన్ ఎక్కువైనట్టే. తగ్గించి మళ్లీ తీయండి. నాయిస్ తగ్గాలంటే గెయిన్ పెంచడం దారి కాదు, స్కాన్లు పెంచాలి: 4 స్కాన్లకి రెండింతలు మెరుగు, 16 స్కాన్లకి నాలుగింతలు. ఆ తర్వాత ఓపికకి తగ్గ ఫలితం ఉండదు.

7. పవర్ పరీక్ష, మాడ్యులేషన్ పరీక్ష

మీరు ఇంకేమీ చేయకపోయినా ఈ రెండూ చేయండి. ప్రతి కొత్త రాడికల్‌కీ, ప్రతి కొత్త ఉష్ణోగ్రతకీ చేయాలి, పావుగంట పని.

పవర్ పరీక్ష. సిగ్నల్ పవర్ యొక్క వర్గమూలంతో పెరగాలి. అంటే 2 మిల్లీవాట్ నుంచి 8 మిల్లీవాట్‌కి, అనగా అటెన్యుయేషన్‌ని 6 డెసిబెల్స్ తగ్గిస్తే, ఎత్తు రెట్టింపవ్వాలి. రెట్టింపు కాకుండా 1.7 రెట్లో 1.5 రెట్లో పెరిగిందంటే సంతృప్తత మొదలైంది: స్పిన్‌లు పై స్థాయి నుంచి కిందికి దిగే వేగం కంటే మీరు పైకి నెట్టే వేగం ఎక్కువైంది. ఐదారు పవర్ విలువల దగ్గర తీసి, వర్గమూలానికి ఎదురుగా ఎత్తుని గ్రాఫ్ గీయండి. సరళరేఖ ఎక్కడ వంగుతుందో చూసి, దానికి బాగా కిందనే పనిచేయండి. గది ఉష్ణోగ్రత దగ్గర ద్రావణంలో పనికొచ్చిన పవర్, గడ్డకట్టించిన శాంపిల్‌కి సాధారణంగా ఎక్కువవుతుంది.

మాడ్యులేషన్ పరీక్ష. మాడ్యులేషన్ పరిమాణం, గీత శిఖరం నుంచి లోయ దాకా ఉండే వెడల్పులో మూడో వంతు మించకూడదు అంటారు. ఆకారం, వెడల్పు కచ్చితంగా కావాలంటే నేను ఐదో వంతు దగ్గరే ఆగుతాను. 0.3 గాస్‌తో ఒకటి, 0.15 గాస్‌తో ఒకటి తీయండి. వెడల్పు రెండింట్లో ఒకేలా ఉంటే 0.3 వాడుకోవచ్చు. తగ్గిందంటే ఇంకా కిందికి దిగండి, ఆగేదాకా.

ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. మీకు ఆకారం అక్కర్లేదు, కేవలం ఎన్ని స్పిన్‌లున్నాయో కావాలి అనుకుంటే, మాడ్యులేషన్ పెంచినా పరవాలేదు, ఎందుకంటే గీత వెడల్పయినా రెండుసార్లు ఇంటిగ్రేట్ చేసిన విలువ మాడ్యులేషన్‌కి అనుపాతంలోనే ఉంటుంది. సంతృప్తతకి మాత్రం ఇలాంటి మినహాయింపు లేదు, అక్కడ ఏరియా కూడా తప్పుతుంది.

ట్రైటిల్ అనే స్థిర కార్బన్ రాడికల్స్‌తో పనిచేసేవాళ్లకి ఇంకో చిక్కు. 100 కిలోహెర్ట్జ్ అంటే క్షేత్రంలో దాదాపు 0.036 గాస్. ఆక్సిజన్ లేనప్పుడు ట్రైటిల్ గీతలు అంత సన్నగా ఉంటాయి కాబట్టి మాడ్యులేషన్ పౌనఃపున్యమే గీతని పాడుచేస్తుంది. దాన్ని కూడా తగ్గించుకోవాలి.

8. గీతలు చదవడం

స్క్రీన్ మీద కనిపించేది శోషణ కాదు, దాని మొదటి డెరివేటివ్, క్షేత్రాన్ని మాడ్యులేట్ చేసి కొలవడం వల్ల అలా వస్తుంది. గీత మధ్య బిందువు అంటే సున్నాని దాటే చోటు.

గీతల సంఖ్యకి సూత్రం సులువు: ఒకేలాంటి కేంద్రకాలు ఎన్నుంటే ఆ సంఖ్యని రెండుతో, కేంద్రక స్పిన్‌తో గుణించి ఒకటి కలపండి. నైట్రోజన్ స్పిన్ 1, ప్రోటాన్ స్పిన్ సగం.

- నైట్రాక్సైడ్‌లో ఒక నైట్రోజన్: 3 గీతలు, సమాన ఎత్తు.
- పలచటి డీపీపీహెచ్ ద్రావణంలో దాదాపు సమానమైన రెండు నైట్రోజన్లు: 5 గీతలు, 1:2:3:2:1 నిష్పత్తికి దగ్గరగా. ఆక్సిజన్ పూర్తిగా తీసేస్తే వీటి మీద ప్రోటాన్ల సన్నటి గీతలు కూడా మొలుస్తాయి. పొడిగా ఉన్నప్పుడు మాత్రం అన్నీ కలిసిపోయి ఒకే గీత.
- వెర్డాజిల్ అనే ఇంకో స్థిర రాడికల్‌లో నాలుగు నైట్రోజన్లు: సుమారుగా 9 గీతలు.

గీతల మధ్య దూరమే హైపర్‌ఫైన్ విలువ, అంటే ఎలక్ట్రాన్‌కీ కేంద్రకానికీ మధ్య లంకె ఎంత బలమో చెప్పే అంకె. మొదటి, మూడో గీతల మధ్య దూరం కొలిచి రెండుతో భాగించండి, పక్కపక్క గీతల దూరం కంటే అది నమ్మదగ్గది. టెంపాల్‌కి నీళ్లలో దాదాపు 17 గాస్, టోలుయీన్‌లో 15.5 గాస్ దగ్గర రావాలి. నీళ్లలో ఎందుకెక్కువంటే, నీరు నైట్రాక్సైడ్ ఆక్సిజన్‌తో హైడ్రోజన్ బంధం కట్టడం వల్ల జతలేని ఎలక్ట్రాన్ నైట్రోజన్ వైపు ఇంకాస్త జరుగుతుంది. మీ అణువు చుట్టూ ఉన్నది నీరా, నూనెలాంటిదా అని చెప్పడానికి ఈ ఒకటిన్నర గాస్ తేడా చాలు.

ప్రతి గీతకీ రెండు పక్కలా దాదాపు 3 గాస్ దూరంలో చిన్న మొటిమల్లాంటివి కనిపిస్తే కంగారుపడకండి. అవి మలినం కాదు, ప్రకృతిలో 1.1 శాతం ఉండే కార్బన్-13 వల్ల వచ్చేవి. నిజానికి అవి స్పష్టంగా కనిపించాయంటే మీ శాంపిల్, సెట్టింగులు రెండూ బాగున్నాయని అర్థం.

9. జీ విలువ తీయడం

సూత్రం: జీ = 714.477 × పౌనఃపున్యం (గిగాహెర్ట్జ్‌లో) ÷ క్షేత్రం (గాస్‌లో).

ఉదాహరణకి 9.450 గిగాహెర్ట్జ్, మధ్య గీత 3366.0 గాస్ అయితే జీ 2.0059. నైట్రాక్సైడ్‌కి సరిపోయే విలువే. కానీ క్షేత్రంలో ఒక్క గాస్ తప్పితే జీ లో 0.0006 తప్పుతుంది, నైట్రాక్సైడ్‌కీ కార్బన్ రాడికల్‌కీ తేడా చెప్పడానికి ఆ తప్పు చాలా పెద్దది. క్షేత్రం కొలిచే ప్రోబు శాంపిల్ ఉన్నచోట ఉండదు, పక్కన ఉంటుంది, అందుకే స్క్రీన్ మీద అంకెని అలాగే నమ్మకూడదు.

సరిచేసే పద్ధతి: డీపీపీహెచ్ రేణువు ఒకటి పెట్టి అదే రోజు, అవే సెట్టింగులతో తీయండి. దాని జీ 2.0036. 9.450 దగ్గర అది 3369.8 గాస్‌లో రావాలి. మీ స్క్రీన్ 3371.3 చూపిస్తే, 1.5 గాస్ ఎక్కువ చూపిస్తోందన్నమాట, మీ అన్ని క్షేత్రాల్లోంచి అంత తీసేయండి. పౌనఃపున్యం ప్రతి స్కాన్‌కీ రాసుకోండి, శాంపిల్ మార్చగానే అది కొంచెం మారుతుంది.

10. మూడు గీతలూ సమానంగా లేకపోతే

మధ్య గీత మామూలుగా ఉండి, ఎక్కువ క్షేత్రం వైపున్న గీత పొట్టిగా, లావుగా ఉందంటే రాడికల్ నిదానంగా దొర్లుతోంది. చిక్కటి ద్రావణి, పాలిమర్, పొర లాంటి చోట్ల ఇది మామూలే, ఇదే ఉపయోగకరమైన సమాచారం కూడా. దొర్లే సమయాన్ని అంచనా వేయడానికి ఇలా చేయండి: మధ్య గీత ఎత్తుని ఎక్కువ క్షేత్రం గీత ఎత్తుతో భాగించి, వర్గమూలం తీసి, ఒకటి తీసేసి, దాన్ని మధ్య గీత వెడల్పుతో (గాస్‌లో), 6.5 × 10⁻¹⁰ తో గుణించండి. సెకన్లలో వస్తుంది. వెడల్పు 1.6 గాస్, ఎత్తుల నిష్పత్తి 1.2 అయితే దాదాపు 10⁻¹⁰ సెకను.

గీతలు మూడూ విడివిడిగా, స్పష్టంగా ఉన్నప్పుడే ఈ లెక్క చెల్లుతుంది. ఆకారం సాగిపోయి, రెండు చివరలూ దూరంగా జరిగితే ఈ సూత్రం వదిలేసి సిమ్యులేషన్‌కి వెళ్లండి. మ్యాట్‌ల్యాబ్‌లో పనిచేసే ఈజీస్పిన్‌లో వేగంగా దొర్లే ద్రావణాలకి గార్లిక్, నిదానంగా దొర్లేవాటికి చిలీ, గడ్డకట్టినవాటికి పెప్పర్ అనే ఫంక్షన్లున్నాయి. సిమ్యులేషన్‌కి వెళ్లే ముందు పై 7వ అంశం పరీక్షలు అయ్యాయో లేదో చూసుకోండి, తప్పుడు వెడల్పుకి కూడా అది చక్కగా సరిపోయే తప్పుడు జవాబు ఇస్తుంది.

గడ్డకట్టించాల్సి వస్తే టోలుయీన్, 2-మిథైల్ టెట్రాహైడ్రోఫ్యూరాన్ లాంటి గాజులా గడ్డకట్టే ద్రావణి ఎంచుకోండి. నీళ్లయితే గ్లిజరాల్ కలపండి. ఒట్టి నీరు స్ఫటికమయ్యేటప్పుడు రాడికల్స్‌ని ఒక మూలకి నెట్టేస్తుంది, అవన్నీ గుంపుగా చేరి వెడల్పాటి ఒకే గీత ఇస్తాయి.

11. స్పిన్‌లు లెక్కపెట్టడం

ఎత్తులతో కాదు, రెండుసార్లు ఇంటిగ్రేట్ చేసి. వరుసగా:

1) టెంపాల్‌తో 25, 50, 100, 200 మైక్రోమోలార్ ద్రావణాలు చేయండి, మీ శాంపిల్ ఏ ద్రావణిలో ఉందో అదే ద్రావణిలో.

2) అన్నిటికీ ఒకే ట్యూబు, ఒకే ఎత్తు, ఒకే దిశ, ఒకే ఉష్ణోగ్రత. ట్యూబుని క్యావిటీ బయట ఉండే పై భాగంలో గుర్తుపెట్టుకుంటే తిరగకుండా ఉంటుంది. చల్లబడితే సిగ్నల్ పెరుగుతుంది కాబట్టి ఉష్ణోగ్రతని తేలిగ్గా తీసుకోవద్దు.

3) ఒట్టి ద్రావణికి స్కాన్ తీసి, దాన్ని తీసివేయండి.

4) మొదటిసారి ఇంటిగ్రేట్ చేశాక ఆగి చూడండి. రెండు చివరలా సున్నాకి వచ్చిందా? రాకపోతే బేస్‌లైన్ సరిచేయకుండా ముందుకు వెళ్లొద్దు, చిన్న వాలు కూడా రెండో ఇంటిగ్రేషన్‌లో కొండంతవుతుంది.

5) రెండోసారి ఇంటిగ్రేట్ చేసి, వచ్చిన విలువని పవర్ వర్గమూలం, మాడ్యులేషన్, గెయిన్, స్కాన్ల సంఖ్యలతో భాగించండి. మీ సాఫ్ట్‌వేర్ వీటిలో కొన్నిటిని ముందే భాగించి ఉంటుంది, రెండుసార్లు భాగించకుండా చూసుకోండి. అన్నీ ఒకే సెట్టింగుతో తీస్తే ఈ గొడవే ఉండదు.

6) గాఢతకి ఎదురుగా గ్రాఫ్ గీయండి. సరళరేఖ సున్నా దగ్గరికి పోవాలి. ఆ రేఖ మీద మీ శాంపిల్ ఎక్కడ పడుతుందో చదవండి.

స్వీప్ వెడల్పు ఇక్కడ దెబ్బతీస్తుంది. లొరెంట్జియన్ అనే ఆకారంలో ఉండే గీతలకి రెక్కలు చాలా దూరం పోతాయి. గీత వెడల్పుకి 10 రెట్లు స్వీప్ చేసినా దాదాపు 11 శాతం ఏరియా బయటే ఉండిపోతుంది. ప్రామాణిక ద్రావణానికీ శాంపిల్‌కీ గీత వెడల్పు ఒకటే అయితే ఈ నష్టం రెండు పక్కలా కొట్టుకుపోతుంది. వేరైతే స్వీప్ పెంచండి, లేదా సిమ్యులేట్ చేసిన గీతని ఇంటిగ్రేట్ చేయండి.

లెక్క సరిచూసుకోవడానికి: 0.1 మిల్లీమోలార్ అంటే మిల్లీలీటరుకి 6 × 10¹⁶ స్పిన్‌లు, 50 మైక్రోలీటర్లలో 3 × 10¹⁵. మీ జవాబు అణువుల సంఖ్య కంటే ఎక్కువొస్తే తూకంలోనో, గెయిన్‌లోనో తప్పుంది. తక్కువొస్తే రాడికల్‌లో కొంత భాగం ఇప్పటికే పోయి ఉండవచ్చు. విటమిన్ సి లాంటి క్షయకరణులు నైట్రాక్సైడ్‌ని హైడ్రాక్సిలమీన్‌గా మార్చేస్తాయి, దానికి సిగ్నల్ ఉండదు.

12. ఏం కనిపిస్తే ఏం చేయాలి

సిగ్నల్ అసలు లేదు. డీపీపీహెచ్ పెట్టండి. అది వస్తే మెషీన్ బాగుంది, మీ శాంపిల్ చూసుకోండి. అది కూడా రాకపోతే మధ్య క్షేత్రం, మాడ్యులేషన్ ఆన్‌లో ఉందా, ఫేజ్ సరిగ్గా ఉందా, ఈ వరుసలో చూడండి.

మూడు గీతలతో పాటు ఇంకో ఆరు గీతలు కూడా వచ్చాయి. దాదాపు సమాన ఎత్తుతో, పక్కపక్క గీతల మధ్య 90 గాస్ పైన దూరంతో ఉంటే మాంగనీస్. నీళ్లలోనో, గాజు సామాన్లలోనో, రసాయనంలోనో ఉంది. వెడల్పాటి స్వీప్ తీస్తేనే ఆరూ కనిపిస్తాయి, 100 గాస్‌లో ఒకటో రెండో కనిపించి మోసం చేస్తాయి.

గీత పైభాగం కింది భాగం కంటే పెద్దగా ఉంది. ద్రావణంలో అయితే రెండు రాడికల్స్ కలిసి ఉండొచ్చు, లేదా డయోడ్ కరెంట్ జరిగి ట్యూన్ తప్పి ఉండొచ్చు. మళ్లీ ట్యూన్ చేసి తీస్తే తేలుతుంది.

స్కాన్ స్కాన్‌కీ ఎత్తు తగ్గుతోంది. రాడికల్ చనిపోతోంది, లేదా ట్యూబులో ద్రావణం ఆవిరవుతోంది. వెడల్పు కూడా మారుతోందేమో చూడండి, మారుతుంటే ఆక్సిజన్ మెల్లగా లోపలికి వస్తోంది.

ద్రవ నైట్రోజన్ నింపిన డ్యూవర్ (వేడి చొరని పాత్ర)తో తీస్తే గీత నిండా ముళ్లు. లోపల బుడగలు మరుగుతున్నాయి, లేదా డ్యూవర్ బయట తేమ పట్టింది. క్యావిటీలోకి పొడి నైట్రోజన్ పంపండి, డ్యూవర్ అడుగున మంచు ముక్కలేమైనా ఉంటే తీసేసి కొత్తగా నింపండి.

13. ముగించే ముందు

మెషీన్ ఆపే వరుస ఆన్ చేసినదానికి తిరగేసి: పవర్ తగ్గించి బ్రిడ్జిని స్టాండ్‌బైలో పెట్టడం, తర్వాత అయస్కాంతం, కొన్ని నిమిషాలాగి నీళ్లు. ట్యూబు లోపలే పగిలితే అలా వదిలేసి వెళ్లకండి, తర్వాత వచ్చేవాళ్లు మీ రాడికల్‌ని నెలల తరబడి తమ శాంపిల్‌లో చూస్తారు.

ప్రతి స్కాన్ పక్కనా రాయాల్సినవి:

- పౌనఃపున్యం ఐదారు అంకెల దాకా
- పవర్, మాడ్యులేషన్, గెయిన్, టైమ్ కాన్‌స్టెంట్, స్వీప్ సమయం, స్కాన్ల సంఖ్య
- ఉష్ణోగ్రత, ట్యూబు రకం, ద్రావణం ఎత్తు
- గాఢత, ద్రావణి, ఆక్సిజన్ ఎలా తీశారు, తీసి ఎంతసేపైంది
- ఆ రోజు డీపీపీహెచ్ ఎక్కడ వచ్చింది
- మధ్య గీత వెడల్పు

వెడల్పుని ఆఖర్న పెట్టాను గానీ చేత్తో తప్పకుండా రాయాల్సిన అంకె అదే. మెషీన్ సెట్టింగులు చాలావరకు ఫైల్‌లోనే ఉంటాయి. వెడల్పు రాయడం మొదలుపెట్టాక, రెండు వారాల కిందటి స్కాన్‌కీ ఇవాళ్టి దానికీ తేడా ఎక్కడుందో పేజీ తిప్పితే కనపడుతుంది. మూల ద్రావణాన్ని చీకట్లో, ఫ్రిజ్‌లో దాచి, మర్నాడు అదే 0.1 మిల్లీమోలార్ మళ్లీ చేసి ఇంకోసారి తీయండి. రెండు రోజుల వెడల్పూ ఒకటే అయితే మీ సొంత శాంపిల్ ట్యూబులో నింపుకోవచ్చు.